ఒడ్డున పాడయ్యే పడవ



చెరువు ఒడ్డున గడ్డిలో ఏళ్ళ తరబడి పడి ఉన్న చిన్న తెరచాప పడవను చూసి, నీళ్ళలో నాని నాని పాడైపోయింది కాబోలు అనుకోవడం సహజం. అలాంటి పడవలను బాగుచేసినవాళ్ళకు తెలిసిన సంగతి వేరు. నీళ్ళలో తిరుగుతున్నన్నాళ్ళూ పడవకు పెద్దగా ఏమీ కాదు. ఎవరో ఒకరు రోజూ దాన్ని చూస్తుంటారు, కడుగుతుంటారు, వదులైన స్క్రూ బిగిస్తుంటారు. ఒడ్డెక్కించి మరిచిపోయాకే దానికి కష్టకాలం మొదలవుతుంది. ఎండ తెరచాప కుట్లను తినేస్తుంది. వాననీరు సన్నని పగుళ్ళ గుండా లోపలికి దిగి, బయటికి వచ్చే దారి లేక అక్కడే నిలిచిపోతుంది. చీమలు గూళ్ళు పెడతాయి, ఎలుకలు తాళ్ళు కొరుకుతాయి. అటువంటి పడవను మళ్ళీ నీటికి సిద్ధం చెయ్యాలంటే లోపల నీరు ఎక్కడ దాక్కుందో, ఏ దారిన వచ్చిందో ముందు కనిపెట్టాలి. రంగులూ మెరుగులూ ఆ తర్వాతి మాట. నేనీ రోజు మాట్లాడబోయేది ఆ వెతుకులాట గురించే.

ఏ పడవో ముందే చెప్పేస్తాను. వానాకాలంలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ మీద, బుద్ధ విగ్రహం చుట్టుపక్కల, ఒక్కో మనిషి ఒక్కో తెరచాపతో నడుపుకునే పడవలను మీలో చాలామంది ట్యాంక్ బండ్ మీంచి చూసే ఉంటారు. వాటిలో లేజర్ అనే రకానివి ఎన్నో ఉంటాయి. 1969లో ఇయన్ బ్రూస్ అనే డిజైనర్ తన మిత్రుడు బ్రూస్ కర్బీకి ఫోను చేసి, కారు పైకప్పు మీద పెట్టుకుని తీసుకుపోగలిగే చిన్న పడవ ఒకటి గీసిపెట్టమన్నాడు. కర్బీ ఫోనులో మాట్లాడుతూనే కాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. 1971లో న్యూయార్క్ బోట్ షోలో ఆ పడవ జనం ముందుకు వచ్చింది. తర్వాత ప్రపంచమంతటా రెండు లక్షలకు పైగా తయారైంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి అది ఒలింపిక్ పడవ. టోక్యో ఒలింపిక్స్‌లో మన నేత్రా కుమనన్ పోటీ చేసింది ఈ పడవలోనే. కాకపోతే తెరచాప కాస్త చిన్నది, దాన్ని రేడియల్ అంటారు. 2019 తర్వాత పోటీల్లో ఐఎల్‌సీఏ అనే పేరు వాడుకలోకి వచ్చింది. పాత పడవలను మాత్రం ఇప్పటికీ లేజర్ అనే పిలుస్తారు.

పొడవు 4 మీటర్ల 20 సెంటీమీటర్లకు కాస్త పైన. తెరచాప, దాన్ని నిలబెట్టే స్తంభం, చుక్కాని ఏమీ లేకుండా వట్టి పడవ బరువు సుమారు 59 కిలోలు. తెరచాప వైశాల్యం 7 చదరపు మీటర్ల పైచిలుకు. స్తంభం ఒకదానిలో ఒకటి దూర్చే రెండు అల్యూమినియం గొట్టాలు. దానికి ఆసరాగా ఏ తీగా ఉండదు, ఏ తాడూ ఉండదు. ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే, బాగుచేసేవాడికి ఇవి పెద్ద అండ. ప్రపంచంలో ఎక్కడ తయారైన లేజర్ అయినా కొలతలు ఒకటే. నలభై ఏళ్ళ కిందటి పడవకు నిన్న తయారైన చుక్కాని సరిపోతుంది. ఒక పడవ తెరచాప మరో పడవకు ఎక్కుతుంది. పోటీల్లో పాల్గొనేవాళ్ళు గట్టిదనం తగ్గిన పడవను వదిలి కొత్తది తెచ్చుకుంటారు. అలా పక్కన పెట్టినవే ఒడ్డున పడి ఉంటాయి. పోటీకి పనికిరానంత మాత్రాన అవి నేర్చుకోవడానికి పనికిరాకుండా పోలేదు. ఈ మాట మీద నాకు గట్టి నమ్మకం ఉంది. ఒక కుర్రాడో అమ్మాయో గాలిని చదవడం నేర్చుకోవడానికి కొత్త పడవ అక్కర్లేదు, నమ్మదగిన పడవ కావాలి. ఆ నమ్మకాన్ని పాత పడవలోకి తిరిగి తీసుకురావచ్చు.

సరే, ఒక పడవ మీ కంట పడింది, యజమాని ఇస్తానన్నాడు. ముందు దాని నంబరు చూడండి. పాత వాటిలో ముక్కు దగ్గరి కొక్కెం కింద, తర్వాతి వాటిలో వెనుక పలక మీద ఉంటుంది. నంబరును బట్టి సుమారు ఏ కాలం నాటిదో తెలుస్తుంది. ఆ వెంటనే చేయాల్సింది, ఇద్దరు పట్టుకుని ఎత్తడం. 59 కిలోల పడవను ఇద్దరు మామూలు మనుషులు ఇబ్బంది లేకుండా ఎత్తగలగాలి. ఎత్తలేక ఆయాసపడుతున్నారంటే లోపల నీరున్నట్టే. ఇంట్లో వాడే బరువు చూసుకునే మిషను ఒకటి తీసుకెళ్ళండి. పడవను రెండు కొసల దగ్గరా ఆనించి సమంగా నిలబెట్టి, ఒక కొస కింద మిషను పెట్టి చూడండి, తర్వాత రెండో కొస కింద పెట్టి చూడండి. రెండు అంకెలూ కలిపితే పడవ బరువు. ఈ ఒక్క లెక్క చెప్పినంత నిజం యజమాని కూడా చెప్పలేడు, ఎందుకంటే ఆయనకూ తెలిసి ఉండదు.

తర్వాత పడవను ఒక పక్కకు నెమ్మదిగా వంచి చెవి ఆనించండి. గలగలమని శబ్దం వస్తే ఆ నీళ్ళు అంత ప్రమాదమైనవి కావు. వెనుక పలకకు ఉన్న బిరడా తీసి, ముక్కు పైకెత్తితే బయటికి వచ్చేస్తాయి. శబ్దం లేకుండా బరువు మాత్రమే ఎక్కువగా ఉంటే జాగ్రత్తపడాలి. ఈ పడవ పై భాగం ఒకే పలక కాదు. రెండు పలచని ఫైబర్ గ్లాసు పొరల మధ్య ఫోమ్ పెట్టి అతికించింది. ఆ ఫోమ్ నీళ్ళు పీల్చుకుంటే వంచినా రాదు, కుదిపినా రాదు. అరచేత్తో అక్కడక్కడా నొక్కి చూడండి, ముఖ్యంగా స్తంభం నిలిచేచోట, మనిషి కాళ్ళు పెట్టుకునే గుంట అడుగున. మెత్తగా కుంగితే పొరలు విడిపోయినట్టు. రూపాయి బిళ్ళతో తట్టుతూ పోతే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గట్టిగా ఉన్నచోట టక్ టక్ మంటుంది, విడిపోయినచోట బొదబొదమంటుంది. ఆ మేర పెన్సిలుతో గీత గీసి పెట్టుకోండి. అరచేయంత మచ్చలు ఒకటీ రెండూ ఉంటే బాగుచేయవచ్చు. పై భాగమంతా అలాగే పలికితే ఆ పడవకు నమస్కారం పెట్టి వచ్చేయడం మంచిది. జాలిపడి తెచ్చుకున్న పడవ మీ ఉత్సాహాన్నంతా మింగేస్తుంది.

ఇక్కడ చెక్క పడవల మాట ఒకటి చెప్పాలి. తాళ్ళరేవు, కోరంగి ప్రాంతాల వడ్రంగుల చేతుల్లో తయారైన పెద్ద పెద్ద తెరచాప ఓడలు సముద్రాలు దాటి వర్తకం చేసిన తీరం మనది. చెక్క స్వభావం ఏమిటంటే, ఒడ్డున ఎండితే పలకలు కుంచించుకుపోయి సందులు విడతాయి. మళ్ళీ నీళ్ళు తగిలితే ఉబ్బి సందులు మూసుకుంటాయి. అందుకే ఎండిన చెక్క పడవను వాడకానికి ముందు నానబెడతారు. ఫైబర్ పడవది పూర్తిగా తిరగేసిన స్వభావం. దానికి లోపల తడి పనికిరాదు. చెక్క పడవల అలవాటు ఉన్నవాళ్ళు కొన్నాళ్ళు నీళ్ళలో ఉంచితే అదే సర్దుకుంటుందని సలహా ఇస్తుంటారు. వాళ్ళ అనుభవం నిజమైనదే, అది ఈ పదార్థానికి వర్తించదు, అంతే. ఫైబర్ పడవను ఆరబెట్టాలి. స్తంభం గూటికి దగ్గరలో పైపలక మీద గుండ్రంగా ఒక కన్నం కోసి, మర మూత బిగించుకోవడం లేజర్ వాళ్ళకు మామూలే. ఇప్పటికే ఉంటే అదృష్టం. ఆ మూత, వెనుక బిరడా రెండూ తెరిచి, ముక్కు ఎత్తులో ఉంచి, కన్నం దగ్గర ఒక ఫ్యాను పెట్టి వదిలేయండి. వారాలు పట్టవచ్చు. మధ్యమధ్యలో మళ్ళీ తూకం వేయండి. బరువు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగుతుంది. అక్కడిదాకా ఓపిక పట్టాలి. లోపల తడి ఉండగా బయట పగుళ్ళు పూడ్చడమంటే ఆ తడిని లోపలే బంధించడమే.

నీళ్ళు ఎలా వచ్చాయన్నది తేల్చుకోకుండా ఆరబెట్టి ఊరుకుంటే మళ్ళీ వస్తాయి. ఈ పడవ మూసిన డొల్ల. మే నెల ఎండలో ఒడ్డున ఉన్నప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ స్థితిలో తీసుకెళ్ళి చల్లని నీళ్ళలో దింపితే గాలి ఒక్కసారిగా కుంచించుకుంటుంది. ఎక్కడ సన్నని సందు ఉంటే అక్కడి నుంచి నీటిని లోపలికి లాగుతుంది. దీన్ని తట్టుకోవడానికే లేజర్‌లో కాళ్ళు పెట్టే గుంట ముందు గోడకు పైన, అంచు కింద, ఒక చిన్న రంధ్రం ఉంటుంది. గాలి దాని గుండా వస్తూ పోతూ ఉంటుంది. తెలియనివాళ్ళు అదే లీకు అనుకుని దాన్ని మైనంతోనో జిగురుతోనో మూసేస్తారు. పాత పడవ చేతికి రాగానే ఆ రంధ్రం తెరిచి ఉందో లేదో సన్నని తీగతో పొడిచి చూడండి.

ఇప్పుడు లీకు పరీక్ష. ఆ చిన్న రంధ్రాన్ని పరీక్ష అయ్యేంతవరకు టేపుతో మూసి, వెనుక బిరడా కన్నంలో రబ్బరు గొట్టం పెట్టి, చుట్టూ టేపు చుట్టి, నోటితో ఊదండి. చాలు. సబ్బు నురుగులో ముంచిన బ్రష్షుతో అతుకులన్నిటి మీదా రాస్తూ పొండి. పంక్చరు షాపులో ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి చూసినట్టే, గాలి ఎక్కడ బయటికి వస్తుంటే అక్కడ బుడగలు లేస్తాయి. టైర్లకు గాలికొట్టే కంప్రెసరు మాత్రం వాడకండి. ఇంత పెద్ద డొల్లలో కొద్దిపాటి ఒత్తిడి కూడా మొత్తం మీద చాలా పెద్ద బలం అవుతుంది, పై భాగం కింది భాగం నుంచి ఊడి వచ్చేస్తుంది. బుడగలు సాధారణంగా కనిపించే తావులు నాలుగైదే. పడవ చుట్టూ పై భాగం, కింది భాగం కలిసే అంచు. పడవ మధ్యలోంచి నీళ్ళలోకి నిలువుగా దింపే మధ్య పలక గాడి చుట్టూ. గుంటలోని నీటిని బయటికి తోడే బెయిలర్ గొట్టం. కప్పీలు, కొక్కేలు బిగించిన స్క్రూల రంధ్రాలు. అన్నిటికంటే ముఖ్యంగా స్తంభం దిగే గూడు.

ఆ గూటి గురించి కాస్త ఆగి చెబుతాను. ఈ పడవలో మనిషి ప్రాణం ఆధారపడేది దాని మీదే. స్తంభానికి తీగల ఆసరా లేదన్నాను కదా. ఏడు చదరపు మీటర్ల తెరచాప మీద పడే గాలి బలమంతా ఒక అరచేతి వెడల్పు గొట్టంలోకి దిగుతుంది. ఆ గొట్టం పైన పడవ పై భాగానికి, కింద పడవ అడుగుకు అతికి ఉంటుంది. గాలి మారినప్పుడల్లా స్తంభం అందులో అటూ ఇటూ తిరుగుతుంది. అందులో నాలుగు ఇసుక రేణువులు పడ్డాయనుకోండి, తిరిగినప్పుడల్లా అవి గొట్టం అడుగును, గోడలను అరగదీస్తాయి. ఏళ్ళు గడిచేసరికి అడుగు పలచబడి చిల్లు పడుతుంది. చిల్లు పడినచోట నీరు దిగుతుంది, కింది అతుకులోకి తడి పోతుంది, అతుకు బలహీనపడుతుంది. ఒక రోజు గట్టి గాలి వస్తుంది. స్తంభం పడవ పై భాగాన్ని చీల్చుకుంటూ ఒరిగిపోతుంది. అంత పెద్ద నష్టానికి మూలం, బయలుదేరే ముందు గూటిని కడగకపోవడం.

పరీక్ష చాలా తేలిక. గూటిని శుభ్రంగా కడిగి, అంచుదాకా నీళ్ళు పోసి, గంటసేపు వదిలేయండి. మట్టం తగ్గిందా, చిల్లు ఉంది. తగ్గకపోతే రెండో పరీక్ష. స్తంభం కింది గొట్టాన్ని గూట్లో నిలబెట్టి, పైకొస పట్టుకుని ఒకరు ముందుకూ వెనక్కూ, పక్కకూ ఊపుతుంటే, మరొకరు పడవ అడుగున, బయటి వైపు, గూటి కింద చెయ్యి పెట్టి చూడాలి. అడుగు ఉబ్బుతూ కుంగుతూ ఉంటే, లేదా లోపల కిరకిరమంటే, కింది అతుకు వదిలిందన్నమాట. దాన్ని పైపై మెరుగులతో దాచకండి. మూత ఉన్న కన్నం గుండా లోపలికి చెయ్యి పెట్టి, పాత రెసిన్‌ను గీకి శుభ్రం చేసి, ఫైబర్ గ్లాసు గుడ్డ పట్టీలను ఎపాక్సీ రెసిన్‌లో తడిపి, గొట్టం పాదం చుట్టూ పొర మీద పొర వేసి బలపరచాలి. గూటి అడుగున పలచని ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి వేస్తే తర్వాతి ఒరుపును అది భరిస్తుంది. ఈ ఒక్క పని సరిగ్గా జరిగితే పడవ సగం సిద్ధమైనట్టే అని నా అభిప్రాయం. మిగతా సగంలో ఏ తప్పు దొర్లినా తడిసి ఇంటికి రావచ్చు. ఇక్కడ దొర్లితే నడి చెరువులో పడవ మిగలదు.

ఫైబర్ పని అనగానే భయపడనక్కర్లేదు. మన తీరంలో తెప్పల చోట ఫైబర్ పడవలు వచ్చి చాలా ఏళ్ళయింది. కాకినాడ, విశాఖ తీరాల్లో రెసిన్, మ్యాట్, రోలర్ అనే మాటలు మత్స్యకార కుటుంబాల్లో పిల్లలకు కూడా తెలుసు. హైదరాబాదులో నీళ్ళ ట్యాంకులు, షెడ్ల రేకులు తయారుచేసేచోట ఇవే దొరుకుతాయి, పని తెలిసిన చేతులూ దొరుకుతాయి. వాళ్ళ దగ్గర ఒక పూట కూర్చుని చూడండి, పుస్తకం చదివినదానికంటే ఎక్కువ వస్తుంది. అయితే మూడు జాగ్రత్తలు మాత్రం ఎవరు ఏమన్నా వదలకండి. పాలిస్టర్ రెసిన్‌ను గట్టిపరచడానికి కలిపే ద్రవం కంట్లో పడితే చూపు పోగలదు, కాబట్టి కళ్ళద్దాలు తప్పనిసరి. ఆ ద్రవాన్ని, రెసిన్‌లో వేగం కోసం వేసే కోబాల్ట్ ద్రావణాన్ని నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, అది భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. ఒకటి రెసిన్‌లో బాగా కలిశాకే రెండోది. ఫైబర్‌ను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మంచి మాస్కు, పొడుగు చేతుల చొక్కా, వీలైతే తడి గరుకు కాగితం.

పగుళ్ళన్నీ ఒక్కటి కావు. పైన మెరిసే పొరను జెల్‌కోట్ అంటారు. దాని మీద సాలెగూడులా కనిపించే సన్నని గీతలు చాలావరకు ఆ పొరకే పరిమితం. వాటి గురించి నిద్ర మానుకోవద్దు. పగులు అంచును వేలితో నొక్కితే అటూ ఇటూ కదులుతుంటే మాత్రం అది లోపలి ఫైబర్ దాకా పోయింది. అక్కడ మెరుగు పొరను గీకేసి, దెబ్బతిన్న ఫైబర్‌ను గట్టి భాగం తగిలేదాకా తీసి, చుట్టూ ఏటవాలుగా చెక్కి, కొత్త పొరలు ఒకదానికంటే ఒకటి కాస్త పెద్దవిగా వేసుకుంటూ రావాలి. ఏటవాలు ఎంత వెడల్పుగా ఉంటే అతుకు అంత గట్టిది. మందానికి పన్నెండు రెట్లు వెడల్పు తీసుకుంటారు. పాత పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ అంత బాగా పట్టదు. మొదటి పొర వేసే ముందే ఏది వాడతారో నిర్ణయించుకోండి. కాలం కూడా చూసుకోవాలి. నడివేసవి మధ్యాహ్నం రెసిన్ గిన్నెలోనే గడ్డకట్టేస్తుంది, ముసురు పట్టిన రోజు తేమ చెడగొడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల ఉదయాలు ఈ పనికి హాయిగా ఉంటాయి. జూన్‌లో నైరుతి గాలులు మొదలయ్యేసరికి పడవ తయారుగా ఉంటుంది.

స్తంభం దగ్గరికి వద్దాం. పై గొట్టాన్ని నేల మీద దొర్లించి చూడండి. వంగి ఉంటే తిరిగేటప్పుడు ఒకచోట లేచి పడుతుంది. రెండు గొట్టాలు కలిసేచోట ప్లాస్టిక్ కాలరు ఒకటి రివెట్‌తో బిగించి ఉంటుంది. రివెట్ పెట్టిన చిన్న రంధ్రం దగ్గరే అల్యూమినియం అలిసి విరుగుతుంది. అక్కడ వెంట్రుకంత గీత కనిపించినా ఆ గొట్టం మార్చాల్సిందే. స్టీలు రివెట్, అల్యూమినియం గొట్టం తడిలో నేరుగా ఒకదానికొకటి తగులుతుంటే అల్యూమినియం తెల్లని పొడిగా రాలిపోతుంది. ఆ పొడి కనిపిస్తే రివెట్ తీసి, రంధ్రం శుభ్రం చేసి, మధ్యలో తుప్పు ఆపే పేస్టు రాసి మళ్ళీ బిగించాలి. గొట్టాల కొసల్లో బిరడాలు గాలి చొరబడకుండా ఉన్నాయో లేదో కూడా చూడాలి. పడవ బోల్తా పడినప్పుడు గాలి నిండిన స్తంభం నీటి మీద తేలి పడవను పక్కకు ఒరిగిన స్థితిలోనే ఆపుతుంది. గొట్టంలోకి నీరు చేరితే పడవ పూర్తిగా తలకిందులవుతుంది. లోతు తక్కువ ఉన్నచోట స్తంభం కొస బురదలో దిగబడిపోతుంది, ఇక ఒంటి మనిషి లేపడం కష్టం.

చుక్కాని, మధ్య పలక పెద్ద బాధ పెట్టవు. అంచులు చిట్లి ఉంటే ఎపాక్సీతో పూడ్చి, నున్నగా రుద్దితే చాలు. ఎండలో ఏదో గోడకు ఆనించి వదిలేసిన పలక వంకర తిరిగి ఉంటుంది, అది పడవను ఎప్పుడూ ఒక వైపుకు లాగుతుంటుంది; నేర్చుకునేవాళ్ళకు అలాంటిది ఇవ్వకండి. చుక్కాని తగిలించే ఇత్తడి, స్టీలు బిగింపుల వెనుక, పడవ లోపల, చెక్క దిమ్మలు ఉంటాయి. స్క్రూలు ఎంత తిప్పినా బిగియడం లేదంటే ఆ చెక్క కుళ్ళిందన్నమాట. పొడుగు స్క్రూ వేసి సరిపెట్టుకోవద్దు. వెనుక వైపు ఒక కన్నం కోసి, కొత్త దిమ్మ అతికించండి. ఇంకొకటి, చుక్కాని పైకి జారిపోకుండా ఆపే చిన్న స్టీలు పట్టీ ఒకటి ఉంటుంది. పాత పడవల్లో చాలాసార్లు అదే ఉండదు. అది లేకపోతే బోల్తా పడగానే చుక్కాని ఊడి మునిగిపోతుంది. దాని వెల కొద్దిపాటిదే, అది లేక పోయే వస్తువు వెల చాలా ఎక్కువ.

తెరచాప పాలిస్టర్ గుడ్డ, డేక్రాన్ అంటారు. బూజు మరకలు చూసి బెంగపడకండి. మరకలకు గాలితో పేచీ లేదు. గోరుతో కుట్ల మీద గీకి చూడండి, దారం పొడిపొడిగా తెగితే ఎండ తినేసిందన్నమాట. గుడ్డకంటే ముందు దారమే పోతుంది. దర్జీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండకు ఓర్చే పాలిస్టర్ దారంతో పాత కుట్ల మీదే మళ్ళీ వేయిస్తే చాలా కాలం వస్తుంది. వాషింగ్ మిషనులో వేస్తే గుడ్డకు ఉన్న బిగువు పోతుంది. నీడలో పరిచి, గోరువెచ్చని నీళ్ళు, మెత్తని సబ్బు, మెత్తని బ్రష్షు, అంతే. తాళ్ళలో మాత్రం పొదుపు వద్దు. తెరచాపను అదుపులో ఉంచే పెద్ద తాడు, తెరచాప అడుగు అంచున ఉండే బూమ్ అనే గొట్టం పైకి లేవకుండా పట్టే వ్యాంగ్ తాడు, మనిషి పాదాలు దూర్చి వెనక్కి వాలే పట్టీ, దాన్ని కట్టిన తాడు, ఈ నాలుగూ కొత్తవి వేయండి. పడవ అంచు మీంచి శరీరమంతా నీటి మీదికి వాల్చినప్పుడు మనిషిని ఆపేది ఆ పట్టీ ఒక్కటే.

ఇంత చేశాక రంగు సంగతి మీ ఇష్టం. గరుకు కాగితంతో నున్నగా చేసి, పాలిష్ చేస్తే చాలని నేనంటాను. రంగు వేస్తే పడవ బరువెక్కుతుంది, పైగా రేపు ఎక్కడ కొత్త పగులు వచ్చినా ఆ రంగు కింద కనిపించదు.

మొదటిసారి నీటిలో దింపడానికి గాలి నెమ్మదిగా ఉన్న ఉదయం ఎంచుకోండి. హుస్సేన్ సాగర్ చుట్టూ ఎత్తైన భవనాలు పెరిగిపోయాయి. వాటి మధ్యనుంచి వచ్చే గాలి ఒక్కోచోట ఒక్కోలా తోస్తుంది, దిశ మారుతుంది. తెలియని పడవను అలాంటి గాలిలో మొదటిరోజే పరీక్షకు పెట్టకూడదు. లైఫ్ జాకెట్ కట్టుకోకుండా పడవలో కాలు పెట్టొద్దు, ఈత వచ్చినవాళ్ళయినా సరే. దగ్గరలో ఇంజను బోటు ఒకటి సిద్ధంగా ఉండాలి. ఇందుకే సెయిలింగ్ క్లబ్బుల నీడన ఈ పని చేయడం మేలంటాను. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, అన్నీ ఆ చెరువు ఒడ్డునే ఉన్నాయి. యాట్ క్లబ్ అయితే పేద కుటుంబాల పిల్లలను చేరదీసి తెరచాప పట్టడం నేర్పి జాతీయ పోటీలకు పంపుతోంది. ఒడ్డున వృథాగా పడి ఉన్న ప్రతి పడవను చూసినప్పుడు నాకు ఆ పిల్లలే గుర్తుకు వస్తారు. ఒక పడవ బాగుపడితే పడవ ఎక్కే వంతు కోసం వేచి ఉండే పిల్లల్లో ఒకరి నిరీక్షణ తీరుతుంది.

దింపాక వెంటనే దూరం పోకండి. ఒడ్డుకు దగ్గరలో, అయినా స్తంభం కొస అడుగుకు తగలనంత లోతున్నచోట, కావాలని పడవను బోల్తా కొట్టించండి. చుక్కాని నిలిచిందా, మధ్య పలక జారిపోకుండా సాగే తాడు పట్టుకుందా చూడండి. పలక మీద నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలి, పడవను లేపండి. రెండు పక్కలకూ ఒక్కోసారి. ఆ తర్వాత అరగంటో గంటో మామూలుగా నడిపి ఒడ్డుకు తెండి.

ఒడ్డుకు రాగానే బట్టలు మార్చుకునే ముందే ఒక బకెట్టు తెచ్చి, బిరడా తీసి, ముక్కు ఎత్తి, వచ్చిన నీళ్ళను కొలవండి. గ్లాసెడు వస్తే పడవ బాగున్నట్టు, పాత పడవల్లో అది మామూలే. సగం బకెట్టు వస్తే మళ్ళీ సబ్బు నురుగు, మళ్ళీ బ్రష్షు. ఎంత వచ్చిందో, ఆ రోజు గాలి ఎలా ఉందో ఒక నోటుపుస్తకంలో రాయండి. పడవ వాడిన ప్రతిసారీ ఇలాగే రాస్తూ పొండి. ఒక రోజు అంకె హఠాత్తుగా పెరిగితే ఆ రోజే లీకు వెతకవచ్చు, లోపలి ఫోమ్ తడిసేదాకా ఆగనక్కర్లేదు. తర్వాత స్తంభం గూటిని మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, బిరడా తెరిచే ఉంచి, తెరచాపను ఆరబెట్టి చుట్టి, పడవ మీద ఎండ పడకుండా కప్పేయండి. కప్పిన గుడ్డ మీద నీళ్ళు నిలవకుండా మధ్యలో ఒక కర్ర ఎత్తుగా పెట్టండి. వానాకాలంలో వారానికొకసారైనా ఎవరో ఒకరు వెళ్ళి ఆ గుడ్డ తీసి చూసేలా మీలో మీరు వంతులు వేసుకోండి.